కంఠతా వచ్చిన కొలతలు

దర్జీకి పొద్దున కళ్ళు తెరవకముందే భయం లేచి కూర్చుంటుంది. అందుకని ఆయన వెంటనే కళ్ళు తెరవడు. పడుకునే తనకి తాను పరీక్ష పెట్టుకుంటాడు. మందుల షాపాయన: ఛాతీ నలభై, నడుము ముప్పై ఎనిమిది, భుజం పదిహేడున్నర. బడి గేటు దగ్గర కాపలా ఉండే ఆయన: ఛాతీ ముప్పై ఎనిమిది, ఎడమ భుజం అరంగుళం కిందికి. ఇలా ఇరవై మందివి గడగడా అప్పజెప్పాకే దుప్పటి తీస్తాడు. ఒక్క అంకె దగ్గర తడబడ్డాడా, ఇక ఆ రోజంతా ఆయన ముఖం చూడలేం.

డెబ్బై ఒకటి నిండాయి. నలభై ఎనిమిదేళ్ళుగా అదే వీధి మలుపులో కోట్లు, ప్యాంట్లు కుడుతున్నాడు. ఆ దుకాణంలో కొలతల పుస్తకం అనేదే లేదు. ఒక్కసారి టేపు పెట్టి చూస్తే చాలు, ఆ మనిషి కొలతలు బుర్రకెక్కి కూర్చుంటాయి. "పుస్తకమైతే తడవచ్చు, చిరగొచ్చు. ఇదెక్కడికి పోతుంది?" అని కణత మీద వేలితో కొట్టి చూపించేవాడు. ఆ మాట అనడం మూడేళ్ళ కిందట మానేశాడు.

మూడేళ్ళ కిందట ఆయన అన్న పోయాడు. అన్న కూడా దర్జీయే. తమ్ముడికి కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. మతిమరుపు జబ్బు ఆయనకి తాళాలు పారేసుకోవడంతోనో, పేర్లు మర్చిపోవడంతోనో మొదలవలేదు. ఒకరి కొలతలు ఇంకొకరికి వేయడంతో మొదలైంది. బ్యాంకు మేనేజరు కోటు పోస్ట్‌మ్యాన్ కొలతలకి కోశాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. తమ్ముడు కూడా నవ్వేసి, ఏడాదిపాటు అలా నవ్వుకుంటూనే గడిపేసి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆఖరి రోజుల్లో అన్న మంచం మీద కూర్చుని, సూది లేని వేళ్ళతో, గుడ్డ లేని చోట కాజాలు కుట్టేవాడు. మధ్యలో ఆగి, లేని దారాన్ని పంటితో కొరికేవాడు. ఆ కొరకడం తమ్ముడికి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

అన్న కత్తెర ఇప్పుడు తమ్ముడి బల్ల మీద ఉంది. దాన్ని తెచ్చుకున్న రోజే భార్య ఎదుట గట్టిగా అనేశాడు.

"కొలత తప్పి ఒక్క గుడ్డ కోసినా సరే, ఆ రోజే ఈ కత్తెర కింద పెట్టేస్తాను. దుకాణం మూసేస్తాను. నలుగురూ నవ్వేదాకా ఉండను."

"సరే లెండి. ఇంకా ఏమీ కొయ్యలేదుగా, వచ్చి భోంచెయ్యండి" అందావిడ.

భోంచేశాడు గానీ మాట మాత్రం మాటే. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, తనకీ ఆ జబ్బు వస్తుందా అని మొహమాటం లేకుండా అడిగేశాడు. ఆవిడ నెమ్మదైన మనిషి. పరీక్షలు చేసి, ఇప్పటికైతే ఏమీ లేదని చెప్పి, ఒక కాగితం చేతిలో పెట్టింది. వయసు మీదపడ్డాక మెదడు గట్టిగా ఉండాలంటే చేయాల్సినవి ఎనిమిది. నడక, ఆకుకూరలు, ఉప్పు తగ్గించడం, రక్తపోటు మాత్ర, వేళకి నిద్ర, చెవుల పరీక్ష, ఏదైనా కొత్త విద్య, నలుగురితో కలిసి గడపడం.

"ఇవన్నీ చేస్తే జబ్బు రానే రాదని నేను రాసివ్వలేను. తట్టుకునే బలం మాత్రం పెరుగుతుంది" అందావిడ.

దర్జీ విన్నది మొదటి ఏడు. వాటిని నెత్తిన పెట్టుకున్నాడు. తెల్లవారగానే నలభై నిమిషాల నడక. దారిలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఊపి ముందుకే పోతాడు, ఆగితే లెక్క తప్పుతుంది. పళ్ళు ఎడమచేత్తో తోముకుంటాడు, ఎవరో చెప్పారట మెదడుకి మంచిదని. మొదటి వారం బ్రష్షు ముక్కులోకి పోయింది. కొత్త విద్య కింద మౌతార్గన్ కొన్నాడు. సాయంత్రం ఆరింటికి అది మొదలైతే భార్య వెళ్ళి వీధి తలుపు మూసొస్తుంది.

"మెదడు మీదే కావచ్చు, చెవులు మాత్రం నావి" అని గొణుక్కుంటుంది.

దుకాణం వేళలు కూడా కుదించేశాడు. పదింటి నుంచి పదకొండు దాకా పేపర్లో గళ్ళ నుడికట్టు. మధ్యాహ్నం అరగంట కళ్ళు మూసుకోవడం. కబుర్లకొచ్చే వాళ్ళ కోసం నలభై ఏళ్ళుగా గుమ్మం పక్కనే ఉన్న బెంచీని వెనకగదిలోకి నెట్టించి, ఆ ఖాళీలో ఒంటికాలి మీద నిలబడే వ్యాయామం పెట్టుకున్నాడు. గోడకి ఒక అట్ట, దాని మీద ఎనిమిది వరసల గళ్ళు. ప్రతి రాత్రీ ఏడు వరసల్లో పెన్సిలుతో టిక్కులు పెట్టేవాడు. ఎనిమిదో వరసకి మాత్రం ఒకటో తేదీనే ముప్పై గళ్ళకీ ఒక్క ఊపులో పెట్టేసేవాడు. దుకాణంలో ఉండేవాడికి నలుగురితో కలవడం ఏమిటి, రోజంతా జనమే కదా అని ఆయన ధీమా.

ఆ సోమవారం సరిగ్గా పదీ పదికి లెక్కల పంతులు వచ్చాడు. రిటైరై ఆరేళ్ళయింది. దర్జీకి ముప్పై ఐదేళ్ళ స్నేహితుడు. ఎనిమిది నెలల కిందట భార్య పోయి, మేడ మీద రెండు గదుల్లో ఒక్కడే ఉంటున్నాడు. చలికాలం కదా, లావాటి స్వెట్టరు, మెడకి మఫ్లరు. చేతిలో గుడ్డ పొట్లం.

"ఏమయ్యా దర్జీ, ఒక కోటు కుట్టాలి. మనవరాలి కాలేజీలో ఫంక్షన్."

"అక్కడ పెట్టండి పంతులు గారూ" అన్నాడు దర్జీ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"కొలతలు తీసుకోవా?"

"మీ కొలతలు నాకు కొత్తా? ఛాతీ నలభై రెండు, నడుము నలభై, భుజం పద్దెనిమిదిన్నర, చెయ్యి ఇరవై ఐదు, పొడవు ముప్పై. నిద్రలో లేపి అడగండి, చెప్తాను."

చెప్పి, లోపల్లోపల సంతోషపడ్డాడు. ఆరేళ్ళ కిందటి కొలతలు, ఒక్కటీ తడబడలేదు. పంతులు బెంచీ ఉండాల్సిన చోటు వైపు చూశాడు.

"బెంచీ ఏది?"

"వెనక్కి వేశాను. పంతులు గారూ, ఏమీ అనుకోకండి, ఇది నా నుడికట్టు టైము. గురువారం ట్రయల్‌కి రండి."

పంతులు సరేనని, గుమ్మం దిగి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు రెండువైపులా చూసి, కుడివైపుకి నడిచాడు. ఆయన ఇల్లు ఎడమవైపు. దర్జీకి అది కనిపించింది. కానీ అడ్డం ఏడుకి నాలుగక్షరాల మాట దొరకలేదు, దాంతో ఈ సంగతి మనసుకెక్కలేదు.

గురువారం కచ్చా కుట్లు వేసిన కోటు పంతులు ఒంటి మీదకి ఎక్కింది. ఎక్కిందనడం కన్నా, ఆయన దానిలోకి దిగాడనడం మేలు. భుజాలు చేతుల మీదకి జారాయి. ఛాతీ దగ్గర గుప్పెడు గుడ్డ మిగిలింది. బొత్తాం పెట్టి చూస్తే లోపల ఇంకో మనిషి పట్టేలా ఉంది.

దర్జీ టేపు తీసి కోటునే కొలిచాడు. కోటు తను అనుకున్న కొలతకి వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఉంది. అంటే కోత తప్పలేదు. తప్పింది అంకె. నలభై రెండు పంతులుది కాదు. మరి ఎవరిది? ఎవరి ఛాతీ తెచ్చి ఈయనకి వేశాడు? మందుల షాపాయనదా? అన్న ముఖం అద్దంలో కనిపించినట్టై వెనక్కి ఒక అడుగు వేశాడు.

"బాగానే ఉందయ్యా. కాస్త వదులైతే గాలాడుతుంది" అన్నాడు పంతులు. ఆ గొంతులో జాలి ఉన్నట్టు తోచింది దర్జీకి. బ్యాంకు మేనేజరు కూడా అన్నతో ఇలాగే అన్నాడు, బాగానే ఉందని.

"విప్పండి. ఆదివారానికి సరిచేస్తాను."

"తొందరేం లేదు. నీతో ఒక మాట..."

"ఆదివారం, పంతులు గారూ. ఇవాళ కాదు. దణ్ణం పెడతాను, ఇవాళ కాదు."

భయపడ్డవాడి కళ్ళకి గంతలు కట్టి ఉంటాయి. ముప్పై ఐదేళ్ళ స్నేహితుడు ఎదురుగా చొక్కాతో నిలబడి ఉంటే, మెడ చుట్టూ కాలరు ఎంత వదులుగా వేలాడుతోందో నలభై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న దర్జీ చూడలేదు. ఆయనకి కనిపించిందల్లా తన బుర్ర, అందులో పడిన చిల్లు.

మధ్యాహ్నానికే షట్టరు దించి ఇంటికి వెళ్ళిపోయాడు. అన్న కత్తెరని పాత లుంగీ గుడ్డలో చుట్టి భార్య చేతిలో పెట్టాడు.

"నాకూ మొదలైంది" అన్నాడు.

ఆవిడ బావగారిని చూసుకోవడానికి రోజు విడిచి రోజు వెళ్ళిన మనిషి. ఏం రాబోతుందో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చుని, జరిగింది మొదటి నుంచి చెప్పించుకుంది.

"పంతులు అన్నయ్యగారికి రిటైర్మెంటప్పుడు మీరే కదా కోటు కుట్టింది? అది ఆయన దగ్గరే ఉండి ఉంటుంది. వెళ్ళి కొలవండి. నలభై రెండో కాదో తేలిపోతుంది."

"కాదని తేలితేనో?"

"తేలితే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. తేలకుండా ఇలా గోడ చూస్తూ కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

చెప్పడం తేలికే. శుక్రవారం వెళ్ళలేదు. శనివారం పంతులు ఇంటి వీధి దాకా వెళ్ళి, నడక పేరు చెప్పుకుని తిరిగొచ్చేశాడు. గంటన్నర నడిచాడు. ఆకుకూర రెండు పూటలా తిన్నాడు. ఎక్కడ లేని నుడికట్లూ నింపాడు. సరిగ్గా నింపిన ప్రతి గడికీ కొంచెం ధైర్యం, ఖాళీగా మిగిలిన ప్రతి గడికీ చెమట. పొద్దుటి పరీక్షలో ఇరవై మందీ వచ్చారు గానీ, వచ్చిన అంకె వాళ్ళదేనని ఎవరు చెప్పాలి? మౌతార్గన్ ముట్టుకోలేదు. ఆ సాయంత్రం భార్యకి ఆ పాడు శబ్దం లేకపోవడమే భరించరానిదైంది.

ఆదివారం పొద్దున ఆవిడే కోటు సంచిలో పెట్టి, టేపు ఆయన మెడలో వేసి, చెప్పులు కాళ్ళ ముందు పెట్టింది. ఇక తప్పించుకోవడానికి దారి లేదు.

పంతులు తలుపు తీసి, ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు చూసి, తర్వాత ముఖమంతా వెలిగి, "రావయ్యా రా" అన్నాడు. దర్జీ కూర్చోలేదు.

"మీ రిటైర్మెంటు కోటు ఉందా? ఒకసారి ఇవ్వండి. ఏమీ అడక్కండి, ఇవ్వండి."

బీరువాలోంచి కోటు వచ్చింది. దర్జీ దాన్ని మంచం మీద పరిచాడు. టేపు రెండుసార్లు జారింది. బొత్తాం పెట్టి, చంకల కింద నుంచి అటూ ఇటూ కొలిచి, వదులు కోసం వేసింది తీసేశాడు. నలభై రెండు. మళ్ళీ కొలిచాడు. నలభై రెండే. భుజం పద్దెనిమిదిన్నర. చెయ్యి ఇరవై ఐదు. పొడవు ముప్పై. ఒక్క అంకె, ఒక్క అర కూడా తప్పలేదు.

నాలుగు రోజులుగా గుండె మీద కూర్చున్నది లేచి వెళ్ళిపోయింది. దర్జీ ఆ కోటు మీదే చతికిలబడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"నలభై రెండే పంతులు గారూ! నాకేం కాలేదు! నా బుర్ర నిక్షేపంలా ఉంది!"

"సంతోషం" అన్నాడు పంతులు.

నవ్వుతూనే దర్జీ తల తిప్పి ఆయన వైపు చూశాడు. ఇంట్లో కదా, పంతులు స్వెట్టరు వేసుకోలేదు, మఫ్లరూ లేదు. బనీను మీద ఉన్నాడు. మెడ ఎముకలు రెండూ బయటికొచ్చి ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ప్యాంటు జారకుండా బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. దర్జీ నవ్వు అక్కడే ఆగింది.

నా కొలత తప్పలేదు, మనిషే తగ్గిపోయాడు. ఆ మాట ఆయన లోపల ఒక్కొక్క అక్షరమే పడింది.

అప్పుడు గది కనిపించింది. పొయ్యి పక్క గోడ మీద కాగితం, పంతులు గుండ్రటి అక్షరాలతో: "గ్యాస్ కట్టేశావా?" డబ్బాల మీద కాగితాలు: ఉప్పు, చక్కెర. తలుపు వెనక: "తాళం చెవి కుడి జేబులో." బల్ల మీద సగం తిన్న బిస్కట్ల పొట్లం, కడగని ఒక్క గ్లాసు. వండిన గిన్నె ఎక్కడా లేదు.

"ఇదంతా ఏమిటి పంతులు గారూ?" అన్నాడు దర్జీ.

పంతులు మంచం చివర కూర్చున్నాడు. "అది చెబుదామనే వచ్చానయ్యా. మూడుసార్లు వచ్చాను. మొదటిసారి తెల్లారే మీ ఇంటికొస్తే నడకకి టైమైందన్నావు. రెండోసారి నిలువు పదకొండు మీదున్నావు, నన్ను చూడను కూడా లేదు. గుడ్డ తెస్తేనన్నా కూర్చోనిస్తావేమో అని మూడోసారి గుడ్డ కొనుక్కుని వచ్చాను."

"మనవరాలి ఫంక్షన్..."

"ఫంక్షనూ లేదు, ఏమీ లేదు. అది ఇంకా తొమ్మిదో తరగతి. సెలవులకొచ్చినప్పుడు దాని యూనిఫాం పోయిన జూన్‌లో నువ్వే కుట్టావు."

దర్జీ తల దించుకున్నాడు. అవును, తనే కుట్టాడు. ఆ పిల్ల కొలతలు కూడా తనకి కంఠతా వచ్చు.

"పదహారో ఎక్కం పోయిందయ్యా" అన్నాడు పంతులు, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా నెమ్మదిగా. "ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత చెప్పించాను. పదహారు ఆర్లు తొంభై ఆరు దాకా వస్తుంది. ఆ తర్వాత మెట్టు లేదు. మొన్న మీ వీధిలోంచి ఇంటికి రావడానికి గంట పట్టింది. కూతురికి చెబితే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తుంది. ఇంకెవరికి చెప్పను? నువ్వు మీ అన్నని దగ్గరుండి చూశావు. ఇది అదేనా కాదా అని నిన్ను అడుగుదామని..."

దర్జీకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. భయం మళ్ళీ వచ్చి గుండె మీద కూర్చుంది. ఈసారి అది తన కోసం వచ్చింది కాదు, అందువల్ల బరువేమీ తగ్గలేదు. అన్న విషయంలో ఏడాది నవ్వుతూ పోగొట్టాడు. ఈయన విషయంలో ఎనిమిది నెలలు టిక్కులు పెడుతూ పోగొట్టాడు. తేడా ఏముంది?

"అదేనో కాదో నాకు తెలీదు పంతులు గారూ" అన్నాడు కళ్ళు తుడుచుకుని. "తిండీ నిద్రా లేకపోయినా, మాట్లాడే మనిషి లేకపోయినా కూడా ఇలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. రేపు పొద్దున్నే మిమ్మల్ని తీసుకెళ్తున్నాను."

"అదే అయితేనో?"

"అయినా నేనుంటాను. ఇవాళ్టి నుంచి భోజనం మా ఇంట్లో. ఉప్పు తక్కువగా ఉంటుంది, మీ చెల్లెమ్మని తిట్టకండి, తప్పు నాది. తెల్లారి నడకకి మీ గుమ్మంలోకొస్తాను. మీ అమ్మాయికి సాయంత్రం ఇద్దరం కలిసే ఫోన్ చేద్దాం."

పంతులు "కోటు సంగతేం చేస్తావు?" అన్నాడు.

కొలత తప్పి గుడ్డ కోస్తే కత్తెర కింద పెట్టేస్తానన్నాడు. తప్పే కోశాడు, కాదనడానికి లేదు. కానీ కత్తెర కింద పెట్టేస్తే ఈ కోటు సరిచేసేది ఎవరు? దర్జీ లేచి, మెడలోంచి టేపు తీశాడు.

"లేవండి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. నేను చెప్తాను, మీరు రాయండి."

"నువ్వా? పుస్తకంలోనా?"

"ఇక మీదట పుస్తకంలోనే."

పంతులు పాత లెక్కల నోటు తెచ్చి, కొత్త పేజీ తిప్పి, అలవాటు కొద్దీ మార్జిను గీసి, నిలబడ్డాడు. దర్జీ ఆయన చంకల కింద నుంచి టేపు చుట్టూ తిప్పాడు. అరచేతి కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ తగిలాయి.

"ఛాతీ ముప్పై ఆరు."

పంతులు ఛాతీ అని రాశాడు. పెన్సిలు ఆగింది.

"ఎంతన్నావు?"

"ముప్పై ఆరు."

మూడు రాశాడు. కిటికీలోంచి వీధిలోకి చూసి, మళ్ళీ కాగితం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంతన్నావయ్యా?"

"ముప్పై ఆరు."

గోడ గడియారం పది కొట్టింది. అది నుడికట్టు వేళ. దర్జీ అటు చూడలేదు. టేపు అలాగే పట్టుకుని, పంతులు తల ఎత్తేదాకా ఆగాడు.

"దర్జీ, కోప్పడకు. ఎంతన్నావు?"

"ముప్పై ఆరు, పంతులు గారూ" అన్నాడు దర్జీ, మొదటిసారి చెబుతున్నట్టే.